తాడు మీద చెయ్యి

సాయంత్రం నెల్లూరు నుంచి డాక్టరు వస్తాడని మాలకొండమ్మకు పొద్దున గంజి తాగేటప్పుడే తెలిసింది. ఆయన సరేనంటే తనను వెనక గదిలోకి మార్చేస్తారు.

జువ్వలదిన్నె దగ్గర ఉన్న ఆ వృద్ధుల శరణాలయంలో వెనక గది మంచం దిగలేనివాళ్ళది. అందులోకి పోయినవాళ్ళెవరూ మళ్ళీ వరండాలోకి రాలేదు. నిరుడు వానల్లో ఒక ముసలాయన వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కమిటీవాళ్ళు మేనేజరు పద్మనాభయ్యను నిలబెట్టి కడిగేశారు. ఆ రోజే ఆయన గేటుకు తాళం వేసి, అందరినీ మంచాలెక్కించాడు. తిండీ నీళ్ళూ అక్కడికే. పడుకున్నవాళ్ళు పడరు గదా. అయితే, పని లేక కాళ్ళు ఒక్కొక్కరికీ చచ్చుబడుతూ వచ్చాయి. పక్క మంచం కామమ్మ వేసవిలో వెనక గదికి పోయింది. ఇప్పుడు తన వంతు.

"నేను నడస్తానని డాక్టరుకి చెప్తా," అంది మాలకొండమ్మ.

"పోయిన నెలా చెప్పినావు గదక్కా. లేచి రెండడుగులేసి నా మీదనే పడినావు. నా నడుం ఇంకా నొస్తానే ఉండాది," అంది ఎదురు మంచం మీద నుంచి సుల్తాన్‌బీ. జీవితమంతా నెల్లూరులో రవికలు కుట్టిన మనిషి.

ఆ పడిన రోజు నుంచీ మేనేజరు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా ఇద్దరూ వరండా స్తంభాలు పట్టుకుని నడక సాధన చేస్తున్నారు. ఆ సంగతి డాక్టరుకు తెలియదు.

ఎండ వాలి, మేనేజరు ఇంకా కునుకులో ఉండగానే సరుగుడు తోపు అవతల నుంచి కేకలు వినిపించాయి. అలివి వల లాగుతున్నారు. పడవలో వెళ్ళి సముద్రంలో వల దించి, దాని తాళ్ళను ఒడ్డున నిలబడి లాగే వల అది. మాలకొండమ్మ ఆ తాళ్ళ మీదే పెరిగింది. చేపలు చేరే వల సంచి ఇసక తాకే వేళకు తాడు పట్టి నిలబడిన ప్రతి మనిషికీ వాటా ఉంటుంది, దారిన పోయేవాళ్ళకైనా సరే. కూర్చున్నవాళ్ళకు మాత్రం లేదు.

"లెయ్ సుల్తాన్‌బీ. నా మాట నమ్మకపోతే పోనీ, నా వాటా చూసి నమ్ముతాడు డాక్టరు."

గేటుకు తాళం ఉంది. వెనక తాటాకు దడి ఉంది. దాని కట్లను సుల్తాన్‌బీ కత్తెర రెండు నిమిషాల్లో తెంపేసింది.

ఒడ్డున వల పెద్ద రమణయ్య వాళ్ళను చూసి నోరు తెరిచాడు. "ఏందత్తా, మంచం పట్టినావని చెప్పిరే."

"పట్టి వదిలేసినాలే. తాడియ్యి."

"కొసన కూచోని తాడు చుట్టు అత్తా. కూరకి నాలుగు చేపలు ఊరికే ఇస్తాలే."

"ఊరికే తినేది అక్కడ తింటానే ఉండా. జరుగు."

ఆమె తాడు అందుకుంది. వెనకే సుల్తాన్‌బీ, చేపల వాసన పడక కొంగు ముక్కుకు చుట్టుకుని. నాలుగు లాగులకే తాడు మాలకొండమ్మను ముందుకు ఈడ్చింది. మడమలు ఇసకలో దిగేసి నిలబడింది. సంచి ఇంకా అలల్లోనే ఉంది.

అంతలో తోపులోంచి పద్మనాభయ్య పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనక డాక్టర్ విజయభాస్కర్. ఖాళీ మంచం చూసి, తెగిన దడిలోంచి వచ్చినట్టున్నారు.

"వదులు మాలకొండమ్మా, పడతావు," అన్నాడు పద్మనాభయ్య రొప్పుతూ.

"నన్ను ముట్టుకోబాక. ఇప్పుడొదిలితే వాటా పోతాది."

పెద్ద అల వచ్చి తాడును ఒక్క గుంజు గుంజింది. మాలకొండమ్మ ముందుకు తూలింది. పద్మనాభయ్యకు ముసలాయన తుంటి గుర్తొచ్చింది. ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఆమె ముందుకు దూకి, తాడు రెండు చేతులా పట్టి వెనక్కి లాగాడు. అందరూ లాగారు. సంచి ఇసకెక్కింది.

మాలకొండమ్మ నిలబడే ఉంది.

రమణయ్య కవళ్ళ చేపలను కుప్పలు పోశాడు. "ఇది అత్తది. ఇది సాయిబుల అక్కది. ఇది మేనేజరు గారిది."

"నాకెందుకయ్యా?"

"తాడు పట్టి నిలబడినారు గదా. ఒద్దంటే ఒడ్డుకి అవమానం."

డాక్టరు నవ్వాపుకుంటూ అడిగాడు. "పద్మనాభయ్య గారూ, మంచం దిగలేని మనిషి ఈవిడేనా?"

పద్మనాభయ్య కండువాలో చేపలు ఎగిరిపడుతున్నాయి. ఆయన తల వంచుకున్నాడు. "ఎవరన్నా పడితే నన్నంటారు సార్."

"ఇంక అనరు, కమిటీకి నేను చెప్తాను. పడితే నా పూచీ. ఈ పూటే గేటు తాళం తీసెయ్యండి. రోజూ అందరినీ నడిపించండి. వెనక గదివాళ్ళను నేనే మళ్ళీ చూస్తాను, ఒక్కొక్కరినీ."

మాలకొండమ్మ గేటులోంచే లోపలికి నడిచింది, కొంగు నిండా చేపలతో. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

దీపాలు పెట్టే వేళకు శరణాలయమంతా పులుసు వాసన, వాటాల మాటే. ఆమె గిన్నె తీసుకుని వెనక గదిలోకి వెళ్ళింది.

"నాక్కూడా వాటా వచ్చిందా మే?" అంది కామమ్మ పడుకునే.

"రాలా. నువ్వు నిలబడలా గదా. ఇది నా వాటాలోది."

కామమ్మ ఆ గిన్నె వైపు చూసింది. తరవాత దుప్పటి తోసేసి, ఒక కాలు కింద పెట్టింది.

"చెయ్యియ్యి," అంది.