బట్టీ గోడ పక్కన

మా అన్నది రొట్టెల బట్టీ. పిండి పొంగిందో లేదో వేలితో నొక్కి చూస్తాడు. వేలు దిగి, ఆ గుంట మెల్లగా పూడితే సరి. గడియారం ఎందుకంటాడు.

బట్టీ వెనక గోడ పొద్దస్తమానం వెచ్చగా ఉంటుంది. దాని కింద గోనె మీద మా బొగ్గు పడుకుంటుంది. నల్ల కుక్క.

ఆ పొద్దున వదిన బల్ల కడుగుతూ, ఈస్టు కలిపిన పిండి బేసిన్ని దించి ఆ గోడ పక్కన పెట్టింది. అక్కడైతే త్వరగా పొంగుతుందని. నేను దుకాణాలకు రొట్టెలు వేసి వచ్చేసరికి బేసిన్ నున్నగా నాకేసి ఉంది.

"మాకేం మిగల్చలేదేం రా, తిండిపోతా?" అని వదిన నవ్వింది. "పోనీలే. ఎండు రొట్టె ముక్కలు రోజూ తినేదేగా. ఇదీ అదే పిండి."

బొగ్గు లేచి నడవబోయింది. వెనక కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

"ఏరా, పొద్దున్నే చుక్కేశావా?" అన్నాను.

అన్న కూడా నవ్వాడు. దాని ఒళ్లు వణుకుతుంటే చలేసిందనుకున్నాడు. ఎత్తి గోడకి ఆనించి పడుకోబెట్టాడు. పైన గోనె కప్పాడు, బేసిన్ మీద తడిగుడ్డ కప్పినట్టే.

కాసేపటికి అది కక్కబోయింది. తీగలా చొంగ తప్ప ఏమీ రాలేదు. గోనె పైకి లేచి ఉంది. అన్న గోనె తీసి పొట్ట మీద వేలు పెట్టి నొక్కాడు.

వేలు దిగలేదు.

అన్న చటుక్కున వేలు వెనక్కి తీశాడు. "లోపల పొంగుతోందే," అన్నాడు. "వెచ్చగా పెట్టి నేనే పొంగించాను."

"ఉప్పునీళ్లు పోస్తే కక్కేస్తుందేమో," అంది వదిన, చెంబు కోసం పరిగెడుతూ.

నేను అప్పటికే పశువుల డాక్టరమ్మకి ఫోన్ కలిపి జరిగింది చెప్పాను. "ఉప్పు పోశారంటే అదింకో విషం. ఏమీ పొయ్యకండి," అంది. "గోడ దగ్గర్నుంచి తీసి వెంటనే తీసుకురండి. ఆ వణుకూ తూలడమూ చలికి కాదు నాయనా. పిండి పులిసి లోపల సారా అవుతోంది."

పొద్దున దాన్ని 'చుక్కేశావా' అన్నది నేనే.

వ్యాను అద్దాలన్నీ దించాను. వదిన ఒళ్లో బొగ్గు తల. "నా చేత్తో దించి పెట్టాను మరిదీ," అంటుంది, మళ్లీ అదే అంటుంది. కుక్క ఊపిరి నిండా పులిసిన పిండి వాసన. మాకు కూడు పెట్టేది ఆ వాసనే. ఆ రోజు తల బయట పెట్టి నడిపాను.

డాక్టరమ్మ మత్తిచ్చి, గొట్టం దించి, చల్లటి నీళ్లు పోస్తూ తీస్తూ కూర్చుంది. పిండి ముద్దలు ముద్దలుగా వచ్చింది. బకెట్లో పడ్డాక కూడా బుడగలు వేస్తోంది. మేం ముగ్గురం ఆ బుడగలనే చూస్తూ నిలబడ్డాం. చివరికి బొగ్గు తోక కొస కదిలింది.

ఇప్పుడు బేసిన్ కుక్క ఎగిరినా అందని కొక్కేనికి వేలాడుతుంది, మూతతో. అన్న పొద్దున్నే పిండి దగ్గరికి పోయేముందు కుక్క దగ్గర వంగుతాడు. ముద్దు చేస్తున్నాడనుకుని అది వెల్లకిలా తిరుగుతుంది. అన్న పొట్ట మీద వేలు పెట్టి నొక్కుతాడు.

ఆ వేలు దిగేదాకా వదిన ఊపిరి తీసుకోదు.