వస్తానని చెప్పని మనిషి గుండెలో

నేను ఒక నలుసును. కంట్లో పడి నీళ్ళు తెప్పించే నలుసు అనుకునేరు, దాని పక్కన నిలబెడితే నేను కనిపించను కూడా. విశాఖపట్నంలోని ఒక ప్రయోగశాలలో, ముఖానికి గుడ్డ కట్టుకున్న మనుషులు నన్ను తయారు చేశారు. గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకున్నవాళ్ళకు వైద్యం చేయడానికి పుట్టినదాన్ని, నన్ను చేసింది కూడా కొవ్వుతోనే. మనుషుల తెలివి చూస్తే నాకు నవ్వొస్తుంది. నా పొట్టలో కాస్త మందు పెట్టి, నాలాంటివాళ్ళను లెక్కలేనంతమందిని ఒక చిన్న సీసాలో పోసి మూత బిగించారు.

మమ్మల్ని ఎక్కించుకోవలసిన మనిషి పేరు పైడిరాజు. శవాలను శ్మశానానికి చేర్చే బండి నడుపుతాడు. చావు ఇంటి నుంచి కదిలేటప్పుడు ఎవరూ 'వెళ్ళొస్తాను' అనరు. అంటే మళ్ళీ అలాంటి పని మీదే రావలసి వస్తుందని భయం. రోజూ అలా నోరు మెదపకుండా వచ్చేసి వచ్చేసి, పైడిరాజుకు అదే అలవాటైపోయింది. సొంత ఇంటి గడప దాటేటప్పుడూ అంతే. బండి తాళాలు తీసుకుంటాడు, వెళ్ళిపోతాడు. అతని భార్య నూకరత్నానికి ఆ మౌనమంటే ఒళ్ళు మంట, లోపల మాత్రం వణుకు.

ఆసుపత్రిలో ట్రే మీద ఉన్న సీసాలోంచి నేను అన్నీ విన్నాను.

"గుండె రక్తనాళం గోడలో కొవ్వు చేరింది. దాని మీద పొర బాగా పల్చబడింది, పైడిరాజు గారూ," అంది డాక్టర్ వసుంధర. "ఆ పొర చిరిగితే అక్కడే రక్తం గడ్డకట్టి గుండె ఆగిపోవచ్చు. ఈ మందు ఇంకా పరీక్షల్లోనే ఉంది. మీరు ఒప్పుకుంటేనే ఎక్కిస్తాం."

"రోజూ సావు సూసీవోణ్ణి డాక్టరమ్మా. నాకేటి బయం? ఎక్కించీయండి."

మందు ఎక్కించే గది గుమ్మం దగ్గర నూకరత్నం అతని చొక్కా పట్టుకుంది. "ఒక్క మాటంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయేటి మావా? వస్తానని సెప్పి లోపలికెల్లు."

అతను తువ్వాలు భుజాన సర్దుకుని, ఏమీ అనకుండా లోపలికి వచ్చేశాడు.

సూది దిగింది. ఆ తరువాత చీకటి, వెచ్చటి చీకటి. ఎవరో తలుపు బాదుతున్నట్టు ఒకటే చప్పుడు. భయం లేదన్న మనిషి గుండె అది. ప్రాణభయంతో ఎలా కొట్టుకుంటోందో అతని పెళ్ళానికి తెలియదు, నాకు తెలుసు.

రక్తం నన్ను ఈడ్చుకెళ్ళి ఆ గోడ దగ్గర వదిలింది. పగుళ్ళలోంచి లోపలికి జారాను. అక్కడ శవాలున్నాయి. కొవ్వు తిని తిని, కదలలేక, ఉన్నచోటే చచ్చిన కణాలు. వాటిని తిని శుభ్రం చేయవలసిన కణాలు పక్కనే ఊరికే కూర్చున్నాయి. ఎందుకంటే ఆ చచ్చినవి ఇంకా మాట్లాడుతున్నాయి.

"నన్ను తినకు. నన్ను తినకు."

అన్నిటిదీ అదే మాట. బతికున్న కణాలు బుద్ధిగా వింటున్నాయి. ఊళ్ళో శవాలన్నిటినీ సాగనంపిన మనిషి గుండెలో శవాలను ఎత్తేవాళ్ళు లేరు. పల్చటి పొర ప్రతి దెబ్బకూ అదురుతోంది. నాకు భయమేసింది.

అంతలో ఒక కణం నన్ను మింగింది. నాలోని మందు దానికి పట్టింది. ఆ మందు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అది చెవుడు. నన్ను మింగిన కణం నెమ్మదిగా పక్కనున్న శవం వైపు తిరిగింది. శవం బతిమాలుతూనే ఉంది. కణం నోరు తెరిచింది.

మళ్ళీ మళ్ళీ మందు ఎక్కించారు. మావాళ్ళు వస్తూనే ఉన్నారు. గోడలో గొంతులు ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చాయి. మంచి పనే, కాదనను. కానీ వాటి ఏడుపు విన్నది మాత్రం నేను ఒక్కదాన్నే.

"పొర గట్టిపడింది," అని ఒకరోజు డాక్టర్ గొంతు వినిపించింది. "ఇప్పటికి గండం తప్పినట్టే. జాగ్రత్తలు మాత్రం మానకండి."

మర్నాడు పొద్దున బండి తాళాల చప్పుడు. గడప దగ్గర అడుగులు ఆగాయి. గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది.

"వస్తానే, రత్నం."

ఆమె ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు వచ్చింది.

నన్ను మింగిన కణం ఇప్పుడు ముసలిదై చనిపోతోంది. నాలోని మందు అయిపోయింది, నా కొవ్వు కరుగుతోంది. పక్కకు ఒక కొత్త కణం వచ్చి కూర్చుంది. "నన్ను తినకు," అంటోంది నా కణం. ఆ కొత్తది వినిపించుకోవడం లేదు. దాని చెవులు మూసింది మావాళ్ళలో ఒకరే.

అది నోరు తెరుస్తోంది. చావు ఇంటి నుంచి వెళ్ళేవాళ్ళు ఏమీ చెప్పకూడదు కదా. నేనూ మీకేమీ చెప్పను.