ఒక ఊపిరి ముందు

కర్నూలు పక్క కల్లూరులో వాసుదేవ్ ఇంట్లో కుక్కరు కూత వేయకముందే అతని భార్య వాసవి లేచి వంటింట్లోకి నడిచేది. ఆమె గడప దాటేసరికి కుక్కరు కూసేది. పాలాయన గేటు తట్టకముందే గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడేది. ఎదురుగా మనిషి కనపడుతున్నా పాలాయన అలవాటు కొద్దీ గేటు తట్టి, పాలు పోసి పోయేవాడు.

లోకంలోని చప్పుళ్లన్నీ ఆమె చెవికి ఒక ఊపిరి ముందు చేరేవి. పుట్టినప్పటి నుంచీ అంతే. కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది, కొందరికి మిరపకాయ కొరికినా కారం తెలియదు. ఆమెకు ఇది. అత్త నాగలక్ష్మమ్మ ఇందులో లాభమే చూసింది. ఇంటికి కాలింగ్ బెల్ పెడతానని వచ్చిన కరెంటు పనివాణ్ణి, "మా కోడలుండంగ మాకెందుకప్పా అది" అని మజ్జిగ ఇచ్చి పంపేసింది.

అయితే ముందు వినడం వేరు, ముందు చేరుకోవడం వేరు. అత్త చేతిలోంచి ఇత్తడి చెంబు జారబోతుంటే ఖంగుమన్న చప్పుడు వాసవికి ముందే వినపడేది. గిరుక్కున తిరిగేది. చెంబు పడటం చూసేది. ఆ ఒక్క ఊపిరిలో ఎంత పరుగెత్తినా చెయ్యి అందదు. చిన్నతనంలో చాలాసార్లు పరుగెత్తి మోకాళ్లు గీరుకుని, ఆ తర్వాత మానుకుంది. విన్నది జరక్క తప్పదు అని మనసులో ఖాయం చేసుకుంది.

వాసుదేవ్‌ది బండల వ్యాపారం. కడప బండ లేని వంటిల్లు మన వైపు ఎక్కడుంది? బియ్యం డబ్బా దానిమీదే, దేవుడి దీపం దానిమీదే. అయినా ఆ నల్ల రాయి ఏ గని నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. బండలు కొనేవాడు మాత్రం ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో తట్టి చూస్తాడు. లోపల పగులుంటే మూగగా పలుకుతుంది, లేకపోతే గంటలాగా మోగుతుంది. వాసుదేవ్ అట్లా తట్టి తట్టి ఏరుకుంటూ కడపలో రాఘవేంద్రప్రసాద్ గారి బండల యార్డుకు పోతూ వస్తూ ఉండగానే, ఆయన కూతురు వాసవితో పెళ్లి కుదిరింది.

అతను మాటలను కూడా అట్లాగే ఏరుకునేవాడు. ఒక మాట తీసి, తట్టి చూసి, పక్కన పెట్టి, ఇంకోటి తీసేవాడు. అంత నిదానమైన మనిషికి ఒక ఊపిరి ముందుండే భార్య వచ్చింది. అతని పెదవి కదిలేసరికే ఆమెకు మొదటి రెండు మాటలు వినపడేవి. అతను ఆ రెండూ పలుకుతుండగానే ఆమె జవాబు వచ్చి ఎదురుపడేది. మిగతా మాటలు గొంతు దాకా వచ్చి, ఇంక మాతో పనిలేదులే అనుకుని వెనక్కి తిరిగి పోయేవి. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఇంట్లో మాట పలచబడింది. వాసవికి అది తెలుస్తూనే ఉంది. మధ్యాహ్నాలు పప్పు రుబ్బుతూ, ఈయన నాతో ఒక్క మాటైనా చివరిదాకా మాట్లాడితే బాగుండు అనుకునేది. ఎట్లా మాట్లాడించాలో తెలిసేది కాదు.

ప్రతి ఆదివారం పొద్దున వాసుదేవ్ గుమ్మంలో నిలబడేవాడు.

"ఓర్వకల్లుకు పోతాండా..."

"పోయిరాండి, టిఫిన్ కట్టినా."

అతను కాసేపు నిలబడి, తలూపి, క్యారియర్ తీసుకుని పోయేవాడు.

ఓర్వకల్లులో ఏముందంటే, రాళ్ల గుట్టలున్నాయి. ఎవరో ఇల్లు కడదామని రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో ఏదో గుర్తొచ్చి వెళ్లిపోయినట్టుంటాయి. వాటి వెనక విశాలమైన గట్టి నేల. రెండువేల ఆరో సంవత్సరం ప్రాంతంలో కర్నూలు కార్ల పిచ్చివాళ్లు కొందరు ఆదివారాలు అక్కడ చేరి ఒక ఆట ఆడేవాళ్లు. ఒక్కో కారు విడిగా పోవాలి. వరసలుగా పెట్టిన గురుతుల మధ్య మెలికలు తిరిగి, ఏదీ తగలకుండా, అందరికంటే త్వరగా తిరిగి రావాలి. బయటి దేశాల్లో దీనికి రబ్బరు శంకువులు పెడతారట. ఇక్కడ ప్లాస్టిక్ బిందెలు బోర్లించేవాళ్లు. బిందెలకు ఏం తక్కువ? ట్యాంకరు రోజుల్లో మన వీధుల్లో మనుషులకంటే బిందెలే ఎక్కువ కదా. వరసలో నిలబడేది బిందె, మనిషి ఇంటికి పోయి వంట చేసుకుంటుంది. బిందె మీద ఇంటి పేరో ఆడమనిషి పేరో రంగుతో రాసుంటుంది. దాన్ని జరిపితే మనిషిని తోసినట్టే, కొట్లాటే. అందుకే ఆటలో కూడా బిందె పడిందంటే, "గిడ్డమ్మ పడింది", "పుల్లమ్మ పడింది" అనేవాళ్లు. వాసుదేవ్ ఇంటి నుంచి కూడా ఒక పచ్చ బిందె పోయింది. దానిమీద 'వాసవి' అని నాగలక్ష్మమ్మ రాయించిన తెల్ల అక్షరాలున్నాయి. దాన్ని చిట్టచివరి మలుపులో పెట్టేవాళ్లు.

వాసుదేవ్ కారు విదేశాలది. రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్లు, ఎండకు ఇటుక రంగుకు తిరిగిన ఎరుపు. బెంగళూరులో ఎవరో వాడి వదిలేస్తే ఇష్టపడి తెచ్చుకున్నాడు. ఇంజనుకు నాలుగే సిలిండర్లు, కానీ టర్బో ఉంది. అంటే కొలిమి తిత్తి లాంటిది. ఇంజను వదిలిన పొగే ఒక బుల్లి చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం బయటి గాలిని లాగి ఇంజనులోకి దట్టిస్తుంది. అప్పుడు నాలుగు సిలిండర్ల బండికి ఆరింటి బలం వస్తుంది. కానీ తిత్తి ఊదగానే బొగ్గు ఎర్రబడదు కదా. కాలు నొక్కాక ఒక ఊపిరి సేపు ఏమీ ఉండదు. తర్వాత ఉష్షుమని ఈల వేసి, ఒక్కసారిగా బలం వచ్చి పడుతుంది. కడప రోడ్డు మీద ఆ ఆలస్యం లెక్కలోది కాదు. బిందెల మధ్య మాత్రం, తిన్నటి దారిలో అడిగిన బలం మలుపులో వచ్చేది. కారు జారేది, బిందె ఎగిరేది.

ఈ బండి ఈ ఆటకు పనికొస్తుందా రాదా అని ప్రతి ఆదివారం టీ తాగుతూ వాదించుకునేవాళ్లు. ఒకరు చక్రాలు మార్చమనేవాళ్లు, ఒకరు టర్బో పీకేయమనేవాళ్లు. ఆలూరు వైపు రైతు దేవేంద్రప్ప ఒకప్పుడు బండలాగుడు పోటీలకు ఎద్దులను మేపినవాడు. ఇప్పుడు పాత మారుతి కారుతో అందరినీ ఓడించేవాడు. ఆయన తీర్పు ఒకటే.

"ఇది దూరం పోయే ఎద్దు శెట్టీ. సందులో తిప్పేది గాదు. అదిలిస్తే ఆలోచించుకోని కదులుతాది. నువ్వు నిదానం, అది నీకంటే నిదానం. ఇద్దరూ గలిసి ప్రతివారం సొంతింటి బిందెనే తన్నుతాండారే."

అందరూ నవ్వారు. వాసుదేవ్ కూడా నవ్వాడు. కానీ ఆ వారమే పాత కార్లు కొనే బెంగళూరు బేరగాడికి ఫోన్ చేసి, వచ్చే ఆదివారం లారీ తీసుకుని రమ్మన్నాడు. ఆరోజు కూడా తమ బిందె పడితే కారు ఇచ్చేస్తానని దేవేంద్రప్పతో చెప్పాడు. వాసవికి ఆ సంగతి నాగలక్ష్మమ్మ ద్వారా తెలిసింది. సాయంత్రాలు అతను కారు తుడుస్తూ దానితో ఏదో గొణుక్కోవడం వాసవి కిటికీలోంచి వినేది. ఆ ఇంట్లో అతను చివరిదాకా మాట్లాడేది దానితోనే. అది కూడా పోతే ఈయన గొంతు నేను మళ్లీ వింటానా అని ఆమెకు దిగులు పట్టుకుంది.

ఆ ఆదివారం అతను గుమ్మంలో నిలబడి పోతాండా అన్నాడు, ఆమె పోయిరాండి అంది. మామూలే. కానీ అతను క్యారియర్ మరిచిపోయి పోయాడు. అది అరుగు మీద అట్లాగే ఉంది. వాసవి చీర సర్దుకుని, దాన్ని చేత పట్టుకుని, షేర్ ఆటోలో బస్టాండుకు పోయి నంద్యాల బస్సెక్కింది. కండక్టర్ టికెట్ అని అడిగే లోపలే ఓర్వకల్లు అని చెప్పింది. కిటికీ బయట పొద్దు ఇంకా పాలలాగే ఉంది. శనగ కోసిన చేలు నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినట్టు కదిలిపోతున్నాయి.

బస్సు దిగి గుట్టల వెనక్కి నడుస్తుండగా ఆమెకు టప్‌మని వినపడింది. ఆగి చూసింది. ఎర్ర కారు దుమ్ములోంచి వచ్చింది, జారింది, పచ్చ బిందె టప్‌మని ఎగిరి పల్లేరు మొక్కల్లో పడింది.

"వాసవి పడింది," అని ఎవరో అరిచి, ఎదురుగా ఆమెను చూసి నాలుక కరుచుకున్నారు.

వాసుదేవ్ దిగి, కారు పైకప్పు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆమెను చూసి, లారీ రావలసిన దారి వైపు తిరిగాడు. దేవేంద్రప్పకు అది కష్టమనిపించింది.

"ఏమ్మా, కడపలో మీ నాయన యార్డులో టెంపో తిప్పేదానివంట గదా. లారీ వచ్చేలోపల ఒక సుట్టు తిప్పు. ఇంటి ఎద్దును అమ్మేటప్పుడు ఆడోళ్లు పసుపు బెట్టి పంపల్ల."

నిజమే, బండల దొంతరల మధ్య, రెండు పక్కలా జానెడు సందు లేని చోట, ఆమె టెంపోను వెనక్కి నడిపేది. వాసుదేవ్ తాళాలు ఇచ్చాడు. పక్క సీట్లో కూర్చున్నాడు, ఆమె తెచ్చిన క్యారియర్ ఒళ్లో పెట్టుకుని.

దేవేంద్రప్ప తువ్వాలు ఎత్తాడు. వాసవికి "పో" అని వినపడింది. కాలు నొక్కింది. కారు ఊపిరి తీసుకుంది. దేవేంద్రప్ప నోరు తెరిచి "పో" అన్నాడు. సరిగ్గా అప్పుడే కారు కదిలింది.

బతుకులో మొదటిసారి ఆమె ముందూ కాదు, వెనకా కాదు. ఇంజను ఈల చెవికి ముందే వచ్చేది, దాన్నిబట్టి కాలు నొక్కేది లేక తీసేది. మలుపు తిరిగి చక్రాలు తిన్నగా కుదిరేసరికి బలం వచ్చి చేతికి అందేది. గిడ్డమ్మ ఒక పక్క, పుల్లమ్మ ఒక పక్క, పేర్లు రాసిన బిందెలు ట్యాంకరు వరసలో ఆడవాళ్లలాగా దారిచ్చాయి. దుమ్ము లేచి గాలిలో నిలిచిపోయింది. గుట్టలు వాళ్ల చుట్టూ మెల్లగా తిరిగాయి.

చివరి మలుపు వచ్చింది. టప్‌మని వినపడింది.

ఆ చప్పుడు ఆమెకు తెలుసు. పచ్చ బిందెది. విన్నది జరక్క తప్పదు. అయినా చేతులు వాటంతట అవే స్టీరింగును కొంచెం, పప్పులో ఉప్పు సరిచేసినంత, పక్కకు తిప్పాయి. అంతకుముందే అడిగి పెట్టుకున్న బలం అప్పుడే వచ్చి కారును ముందుకు తోసింది. పక్క కిటికీలో 'వాసవి' అన్న తెల్ల అక్షరాలు దగ్గరికొచ్చి, వెనక్కి పోయాయి. బిందె అట్లాగే నిలబడి ఉంది.

కారు ఆగింది. ఆమె ఇంకా ఆ చప్పుడు కోసం చూస్తూనే ఉంది. అది రాలేదు. విన్న చప్పుడు జరగకుండా పోవడం ఆమెకు అదే మొదటిసారి. బయట దేవేంద్రప్ప గడియారం చూసి, పక్కవాడి గడియారం కూడా చూసి, తువ్వాలు తల మీద వేసుకుని కింద కూర్చున్నాడు. ఆయన మారుతి ఓడిపోయింది.

అద్దాలు మూసిన కారులో ఇద్దరే ఉన్నారు. వాసవికి దూరంగా లారీ హారన్ వినపడింది. దాని వెంటే భర్త గొంతు వినపడింది. "బండి ఇచ్చేస్తా..."

సరే అన్న మాట ఆమె నాలుక మీదికి వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు. అయితే ఆమె కాలు ఇంకా ఆ పెడల్ మీదే ఉంది. నొక్కి, ఒక ఊపిరి ఆగితే, వచ్చేది వస్తుందని ఆ కాలికి ఇప్పుడే తెలిసింది. ఆమె పెదవులు బిగించుకుంది.

రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది.

"బండి ఇచ్చేస్తా..." అన్నాడు వాసుదేవ్. ఎదురు రావలసిన జవాబు రాలేదు. అతను ఆశ్చర్యంగా ఆమె వైపు చూశాడు. ఆమె ఎదురుచూస్తోంది. అతను ఒక మాట తీసి, తట్టి చూసి, పక్కన పెట్టి, ఇంకోటి తీశాడు. చాలాసేపు పట్టింది.

"...అనుకొనే పొద్దున బయల్దేరినా. ఇప్పుడు మనసు రాలే. నువ్వు నడుపుతానంటే ఉంచుకుందాం." ఆగాడు. ఆమె ఇంకా ఆగింది. "ఓర్వకల్లుకు పోతాండా అని ప్రతివారం చెప్తా గదా. నువ్వు గూడా రారాదా అని అడుగుదామనే, వాసవీ."

వాసవి గట్టిగా ఊపిరి తీసుకుంది. అతని ఒళ్లోని క్యారియర్ మూత తీసి, చల్లారిన బొరుగుల ఉగ్గాని అతని చేతిలో పెట్టి, వస్తానంది.

లారీతో వచ్చిన బేరగాడు టీ తాగి, దారి ఖర్చులు తీసుకుని, ఖాళీగా బెంగళూరు పోయాడు. ఆ కారు ఆ ఆటకు పనికొస్తుందా అన్న వాదన మాత్రం తెగలేదు. దేవేంద్రప్పను అడిగితే, "ఇప్పటికీ పనికిరాదప్పా" అనేవాడు. "ఆ పాపకు పనికొచ్చింది. అది వేరే."

మరుసటి ఆదివారం పొద్దున కల్లూరులో పాలాయన గేటు తట్టాడు. ఎవరూ రాలేదు. మళ్లీ తట్టాడు. లోపల వాసవి పెట్టిపోయిన కుక్కరు కూసి కూసి ఊరుకుంది. నాగలక్ష్మమ్మ నిద్రమొహంతో గిన్నె వెతుక్కుంటూ వచ్చి, ఖాళీగా ఉన్న కారు షెడ్డు వైపు చూసి, పాలు పోయించుకుంది. పొద్దెక్కాక కరెంటు పనివాడికి కబురు పంపింది, ఆ కాలింగ్ బెల్లేదో వచ్చి పెట్టిపొమ్మని.