కుంటికాలి దరువు

నా భార్య లుసుంగు పోయాక డోలు తలకిందులుగా మూల పడేశాను. అందులో కోడి పొదిగింది.

ఆ సాయంత్రం నచిమి వచ్చింది. జబ్బుపడ్డవాళ్ళను దరువు మీద ఆడించి బాగుచేసే పెద్దావిడ. వెనక ఆవిడ డోలుగాడు యోతాము.

"మీ మరదలు తియేజ్గే లేవడం లేదు," అంది. "తిండి మానేసింది. అన్ని దరువులూ వేసి చూశాం, ఒళ్ళు పలకలేదు. వాళ్ళక్కను పట్టిన వింబుజా ఆత్మే దీన్నీ పట్టింది. ఆ దరువు నీకొక్కడికే తెలుసు."

"నాతోపాటే మట్టిలో కలుస్తుందిలే."

"ముందు తియేజ్గే కలిసేలా ఉంది."

కలవనీ అనుకున్నాను. తన బిడ్డ చనిపోతే, అక్కే మంత్రం పెట్టి తినేసిందని ఊరంతా చాటిన మనిషి తియేజ్గే. ఆ మాట నమ్మి, లుసుంగు జ్వరంతో పడి ఉంటే ఒక్కరూ గుక్కెడు నీళ్ళు తేలేదు. గొయ్యి నేనే తవ్వుకున్నాను.

"పదమ్మా," అన్నాడు యోతాము. "ఆ చేతులు ఇప్పుడు కోళ్ళకు మేత వెయ్యడానికే పనికొస్తాయి."

కోడిని తోలి డోలు ఎత్తాను.

నచిమి గుడిసెలో తోలును నిప్పుసెగకు బిగించాను. తియేజ్గే నడుముకు ఇనుప గజ్జెలు కట్టి చాప మీద కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు చప్పట్లు అందుకున్నారు. వాయించాను. ఆమె భుజాలు వణికాయి. లేచింది, పడింది. మళ్ళీ లేచి మళ్ళీ పడింది.

లుసుంగు ఎడమ పాదం చిన్నప్పుడు కాలి ముడుచుకుపోయింది. ఆ కాలు నేలకు ఆలస్యంగా దిగేది. దాని కోసం దరువులో కాస్త ఖాళీ వదిలేవాణ్ణి. ఈరోజు వదల్లేదు. అది నా భార్యది. దీనికెందుకివ్వాలి?

"ఏదో దాస్తున్నావు," అంది నచిమి.

"వాయిస్తూనే ఉన్నానుగా. ఒళ్ళు పలక్కపోతే నేనేం చెయ్యను?"

నేల మీంచి తియేజ్గే గొంతు వినిపించింది. "బావా... అక్క కాలికి చోటివ్వు."

నా చేతులు ఆగిపోయాయి. "నీకెలా తెలుసు?"

"ఆ కాలు ఎలా దిగేదో నాకు తెలీదా? అది కాలింది నా కోసమే. మంటల్లో పడ్డ నన్ను లాగబోయి కాల్చుకుంది."

లుసుంగు నాకెన్నడూ చెప్పలేదు.

"అది గుర్తుండే, నీ బిడ్డను అక్క తినేసిందన్నావా?"

"అన్నాను. అబద్ధమని తెలిసే అన్నాను."

చప్పట్లు ఆగిపోయాయి. ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. అది విన్నాక నా కోపం తగ్గలేదు, పెరిగింది. అయినా డోలు దగ్గరకు లాక్కుని ఖాళీ వదిలి వాయించాను.

ఆమె లేచింది. ఏ లోపమూ లేని ఎడమ కాలు, లుసుంగు కాలులాగే ఆలస్యంగా దిగింది. ఈసారి పడలేదు. చెమటతో తడిసిపోయేదాకా ఆడి, తనే నీళ్ళడిగి తాగింది.

యోతాము నా పక్కకు జరిగాడు. "పెద్దయ్యా, నాకు నేర్పు. ఆ ఆగడం ఎంతసేపు?"

"కాలు దిగేదాకా. డోలు కాదు, కాలు చూడు."

డోలు భుజానికెత్తుకుని బయటికి నడిచాను. తియేజ్గే గుమ్మం పట్టుకుని నిలబడింది.

"బావా, రేపు మా ఇంట్లో రెండు ముద్దలు తిని వెళ్ళు."

"నీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను."

"మరి మళ్ళీ దరువు కావలసొస్తే?"

"దానికొస్తాను."