నా నెత్తిన పడ్డ పచ్చివాసన

నేను ఒక కాఫీ పండ్లు ఒలిచే మిషన్ని. కరెంటు అక్కర్లేదు, తిప్పే చెయ్యి ఉంటే చాలు. కోయంబత్తూరులో ఒక పోత కార్ఖానాలో పుట్టాను. పైన ఇనుప ఒళ్ళు, లోపల బుడిపెలు తేలిన రాగి డోలు. పిడి తిప్పితే పండు తొక్క ఒకవైపు, గింజ ఒకవైపు పడతాయి. ఇంతకు మించి నాకు విద్య లేదు, ఉందని గొప్పలూ పోలేదు.

మొదట ఒక తోట యజమాని దగ్గర పదేళ్ళు అరిగాను. ఆయన పెద్ద మిషన్ కొనుక్కుని నన్ను వదిలించుకుంటే, అరకు కొండల్లో అరవై గిరిజన కుటుంబాలు కలిసి పెట్టుకున్న కాఫీ సంఘం నన్ను జీపెక్కించి తెచ్చుకుంది. దళారుల చేతుల్లో నలిగి విసిగిన మనుషులు. న్యాయమైన ధరకు నేరుగా మీ దగ్గరే కొంటామని విదేశీ కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. ఏటా పంపే శాంపిల్ రుచి పరీక్షలో నెగ్గాలి, వరసగా రెండేళ్ళు తప్పితే ఒప్పందం రద్దు అన్నారు.

సంఘంలో పండ్లు చూసి దించుకునే పని కిల్లో రైమతిది. చురుకైన మనిషి, పండు చూసి ఏ తోటదో చెప్పగలదు. కాని ఆ కొండ మీద ఒక మర్యాద ఉంది. ఎవరైనా నెత్తిన మోసి తెచ్చిన బుట్టను గుమ్మంలోంచి తిప్పి పంపకూడదు. పంపితే ఆ ఇంటిని అవమానించినట్టే.

గెమ్మెలి సోనాయి అనే ముసలావిడ తోట పెద్దదే, కాని నిట్టనిలువు వాలులో ఉంది. కాఫీ అంతా ఒక్కసారే పండదు. మూడు నాలుగు విడతలు ఎక్కి, ఎర్రవి మాత్రమే కోయాలి. ఆవిడ మోకాళ్ళు ఒక్క విడతకే మొరాయించేవి. అందుకని ఎక్కిననాడే కొమ్మలు దూసేసి, ఎరుపూ పచ్చా కలిపి బుట్టలకు బుట్టలు మోయించుకొచ్చేది. రైమతి బుట్టలోకి చూసి ముఖం తిప్పుకునేది.

"బాగున్నాయత్తా. పొయ్యి," అనేది.

పోసేది ఎవరిలో? నాలో. పచ్చికాయ తొక్క ఊడదు, నలుగుతుంది. పంటి బిగువున తిరిగేదాన్ని. అరవై ఇళ్ళ గింజలూ ఒకే తొట్టిలో పడేవి. నాకు నోరుంటే మొదటిరోజే అరిచేదాన్ని.

పచ్చివాసన వస్తోందని రాసి కంపెనీవాళ్ళు శాంపిల్ తిప్పి పంపారు. సమావేశంలో అందరూ రైమతినే చూశారు. ఆమె చూపు సోనాయి మీద పడి, అక్కణ్ణుంచి జారి నా మీద ఆగింది.

"మిషన్ అరిగిపోనాది. గింజల్ని కొరికీస్తంది," అంది.

అందరికీ ప్రాణం హాయిగా ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత పుట్టించిందీ మనుషులే, మర్చిపోయిందీ మనుషులే. నన్ను ఈడ్చి షెడ్డు గోడవారన విరిగిన రేకుల మీద పడేశారు. కొత్త మిషన్ వచ్చింది.

మరుసటి ఏడూ అవే బుట్టలు, అదే "బాగున్నాయత్తా." లోపల కొత్తది కరకరలాడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. రెండో శాంపిలూ తిరిగొచ్చింది. ఒప్పందం పోయింది.

ఈసారి సమావేశంలో మిషన్ని తిట్టడానికి రైమతికి నోరు రాలేదు. సోనాయి కర్ర ఊతంతో లేచి నిలబడింది.

"పచ్చివి నావేనే. నాకు తెలీదేటి? బాగున్నాయంతన్నావు గదా, ఏరి పారేస్తన్నావనుకున్నాను. పనికిరావని ఒక్కపాలి చెప్తే, నా తోట మీరే కోయండర్రా అని నానే అడుగుదును గదా."

"నీ మనసు కష్టపెట్టలేక, అత్తా..." రైమతి తలెత్తలేదు.

"ఇప్పుడు అరవై ఇళ్ళ ఉసురు నా మీదెట్టినావు."

ఆవిడ ఒక్కో మెట్టూ తడుముకుంటూ నా పక్కనుంచే దిగి వెళ్ళింది. ఏడాదికి నా మీది నింద పోయింది, సంతోషించాలి. ఒట్టు, రవ్వంత సంతోషం కలగలేదు.