బావ తలలో నీళ్ళు

ఆస్పత్రి ల్యాబులో అతన్ని అందరూ చిరాకు మాస్టారంటారు. పెళ్ళాం పోయిన ఎనిమిదేళ్ళలో అతను నవ్వగా ఎవరూ చూడలేదు. చూడాలని ఎవరూ ముచ్చటపడలేదు కూడా.

పది రోజుల కిందట అతని అక్క మొగుడు, బస్సు డ్రైవరు, తల పట్టుకుని కూలబడ్డాడు. మెదడు చుట్టూ నెత్తురు కారింది. తలలోకి సన్నటి గొట్టం పెట్టి, అక్కడి నీళ్ళను మంచం పక్కనున్న సంచిలోకి దించుతున్నారు. ఆ నీళ్ళలో లాక్టేటు అనే పదార్థం ఎంతుందో రోజూ పొద్దున్నే చూసేది బావమరిదే. అది మూడు లోపుకు దిగితే గొట్టం తీసేస్తానన్నాడు డాక్టరు. పెరిగితే మెదడుకు నెత్తురు అందడం లేదనో, చీము పట్టిందనో అనుమానం.

నిన్న మూడుంపావు. ఇవాళ ఏడు.

డాక్టరు వెంటనే స్కానింగుకు పంపమన్నాడు. అక్క వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

అతను సీసాను వెలుగుకు పెట్టి చూశాడు. నిన్నటి నీళ్ళు లేత పసుపు. ఇవి ఎర్రజీర పట్టి, మొన్నటిలా ఉన్నాయి. రెండేసి మెట్లు ఎక్కి వార్డుకు వెళ్ళాడు.

"నీళ్ళు ఎక్కణ్ణుంచి తీశావమ్మా?"

కొత్త నర్సు బెదిరిపోయింది. "సంచిలోంచండీ. పదిరోజులకి ఇవాళే కంటినిండా నిద్రపోయాడు. తల దగ్గర గొట్టం కదిపితే లేస్తాడేమోనని..."

"సంచిలోవి ఎప్పటివో! అందులోని నెత్తురు కణాలు కూర్చుని లాక్టేటు వండుతూనే ఉంటాయి. నీ జాలి తగలెయ్య! తల దగ్గర తియ్యి."

గొట్టం కదిలేసరికి బావ కళ్ళు తెరిచాడు.

"ఏరా, పొద్దున్నే దాపురించావ్?"

"నీ బుర్రలో ఏముందో చూద్దామని."

"దొరికితే మీ అక్కకి చూపించు. ఏమీ లేదంటుంది."

కొత్త సీసా గోరువెచ్చగా ఉంది. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని కిందికి పరిగెత్తాడు. మిషను పావుగంట తీసుకుంది. ఆ పావుగంటా అతను కూర్చోలేదు.

రెండున్నర.

కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చాడు. "అక్కా, రెండున్నర! లే!"

"అంటే?"

"అంటే నీ మొగుడు నిన్ను ఇంకో ముప్పై ఏళ్ళు వేపుకు తింటాడు."

అక్క అతని వీపు మీద ఒక్కటి చరిచింది, ఏడుస్తూ, నవ్వుతూ. సాయంత్రం గొట్టం తీశారు. బావ లేచి కూర్చుని, సగం గొరిగిన తలకు దువ్వెన అడిగాడు.

"ఆ ఆరు వెంట్రుకలకా?" అని చిరాకు మాస్టారు పకపకా నవ్వాడు. నర్సు చేతిలో ట్రే జారబోయింది.