సంచుల్లో పోటు

రోజూ పొద్దున్నే ఏనెయిదా చేసే మొదటి పని, క్యాప్సికం వరసల కింద పెట్టిన బకెట్లలోకి ఎంత నీరు దిగిందో కొలవడం. ఓకోవా కొండల్లో మట్టికి తెగులు పట్టాక, యజమాని దోన్ లియోనిదాస్ గ్రీన్‌హౌస్‌లో మొక్కలన్నీ కొబ్బరి పొట్టు నింపిన సంచుల్లోనే పెరుగుతున్నాయి. ఆ పొట్టు ఉత్తర తీరం నుంచి వస్తుంది. మూడుసార్లు మంచినీళ్లతో కడిగినా సముద్రాన్ని మరిచిపోదు. పోటు వేళకు సంచులు ఉబ్బుతాయి, పాటు వేళకు తగ్గుతాయి. దాన్నిబట్టే మోటారు వేస్తారు.

మిగతావాళ్లకు అది పనిలో భాగం. ఏనెయిదాకు మాత్రం రోజూ కొత్తే. ఆ తీరంలో తను పుట్టిన ఊళ్లో అల ఇప్పుడు ఎందాకా వచ్చిందో సంచి తడిమి చెప్పగలదు. పొట్టు ఆడించే మిల్లు ఆమె తమ్ముడు ఫౌస్తోది. కొండవాణ్ణి పెళ్లాడిందని అతను మాట మానేసి ఏడేళ్లు. పొట్టు వస్తుంది, పలకరింపు రాదు.

ఆ మంగళవారం పది గంటలకు పోటు రావాలి. బకెట్లలో చుక్క లేదు. సంచులు పిండేసిన గుడ్డల్లా ముడుచుకున్నాయి.

"ఇంకాసేపు మోటారు వెయ్యమ్మా, ఆకులు వాలిపోతున్నాయి," అన్నాడు దోన్ లియోనిదాస్.

"వేశానండీ. ఎంత పెట్టినా లాగేస్తున్నాయి. ఈ నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలి."

చెయ్యి మోచేతిదాకా సంచిలోకి దూర్చింది. లోపల తడి వెనక్కి, ఇంకా వెనక్కి, ఆగకుండా పోతూనే ఉంది. చెయ్యి తుడుచుకోకుండానే ఫోన్ తీసింది.

"ఫౌస్తో, అక్కని. సముద్రం ఎక్కడుందిరా?"

"ఏడేళ్లకు ఫోన్ చేసి అడిగేది ఇదా? ఎక్కడుంటుంది, ఉన్నచోటే..." కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత గొంతు తగ్గింది. "లేదక్కా. పడవలు బురదలో కూర్చున్నాయి. జనం దిగి చేపలు ఏరుకుంటున్నారు."

"నన్ను తర్వాత తిడుదువుగాని. అందర్నీ సమాధుల కొండ ఎక్కించు. ఇప్పుడే."

ఇరవై నిమిషాలకు సంచులు కుట్లు తెంచుకుని పొంగాయి. చీలమండల దాకా నీళ్లు. దోన్ లియోనిదాస్ వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. మోటారు కట్టేసి, ఏనెయిదా పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"మిల్లు పోయింది," అన్నాడు ఫౌస్తో. "మనుషులం అందరం ఉన్నాం."

గురువారం అతను భార్యనూ అత్తగారినీ తీసుకుని ఖాళీ లారీలో వచ్చాడు. ఏనెయిదా ఉప్పుకు మాడిన మొక్కలు పీకి బుట్టలో వేస్తోంది. పాత సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

"ఇక ఈ సంచుల్లో ఏం నింపుతారు?" అడిగాడు.

"వరి ఊక. బొనావో మిల్లుల నుంచి."

"అదేం గుర్తుపెట్టుకుంటుందో," అంటూ ఫౌస్తో బుట్ట రెండో పిడి పట్టుకున్నాడు.